అడుగు

మా అమ్మ మంచం దిగేముందు
కాలు కింద పెట్టకుండా కాసేపు ఆగేది.
వంగి, వేళ్ళతో నేలని తాకి కళ్ళకద్దుకుని
"తల్లీ, తొక్కుతున్నాను, ఏమనుకోకు" అనేది,
బస్సులో పక్కమనిషి కాలు తొక్కినప్పుడు అన్నట్టే.

నేనూ అంతే, ఇప్పటికీ.
బెంగళూరులో, హూడీలో, పదకొండో అంతస్తులో
పది కప్పుల కింద ఎక్కడో నేల ఉంటుందని
టైలుకి క్షమాపణ చెప్పుకుంటాను.

శివరాత్రి అయిన వారంలో
అదే చేత్తో చెక్కు మీద సంతకం పెట్టాను.
అసోసియేషన్ కోశాధికారిని మరి.
"అడుక్కి ఇంత" అన్నాడు బోరు మేస్త్రీ.

బాగేపల్లి నుంచి గంగులప్ప వచ్చాడు
అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని.
షటిల్ కోర్టు దాటి, పిల్లల జారుడుబల్ల దాటి
జనరేటరు గది వెనక
టెంకాయ లేచి నిలబడింది.
అతనే లేపాడో ఏమో, ఎవరం అడగలేదు.
నాలుగు బోర్లు ఎండిపోయాక మనిషి టెంకాయనైనా నమ్ముతాడు.

వాదిరాజాచార్ పూజ చేశారు.
లారీ చక్రాల కింద నిమ్మకాయలు.
మంత్రాల్లో ఒకచోట మా అమ్మ మాట వినబడింది నాకు,
పాదం మోపినందుకు మన్నించమని.
అప్పుడు డ్రిల్లు దిగింది.

తొక్కడానికి మంత్రం ఉంది.
తొలవడానికి ఉందో లేదో
ఆ హోరులో ఆచార్ని అడగలేకపోయాను.

రెండొందల అడుగుల దాకా ఎర్రమన్ను.
తర్వాత తెల్లటి పిండి, పిండి, పిండి.
కార్ల మీద, తులసి కుండీ మీద, ఆరేసిన చీరల మీద,
అడగనివాళ్ళకి కూడా విభూతి.
నాలుగో ఫ్లోరు ఫిలోమినా గారు
నుదురు తుడుచుకుని వేలు చూసుకున్నారు.
"మొన్ననే చర్చిలో పెట్టించుకున్నానండీ.
మట్టివి, మట్టిలో కలుస్తావని
చెప్పి మరీ పెడతారు."
ఎందుకో ఆవిడ నవ్వలేదు.

పద్నాలుగువందల అరవై దగ్గర మేస్త్రీ చేయి ఊపాడు.
తడి లేదు.
డ్రిల్లు కుర్రాడు ఒక రాతిముక్క నా చేతిలో పెట్టాడు, వేడిగా.
అంత లోపల దాచుకున్నదాన్ని
ఏం చెయ్యాలో తెలీక జేబులో వేసుకున్నాను.

తెల్లవారుజామున దస్తగీర్ ట్యాంకరు వచ్చింది.
పైపు సంపులోకి వదిలి
తను మాత్రం ఒక్క చెంబుడు నీళ్ళతో
ముఖం, మోచేతులు, పాదాలు
చుక్క చుక్కగా కడుక్కున్నాడు.
"పన్నెండువేల లీటర్లున్నాయి కదయ్యా!"
"ఏటి ఒడ్డున కూచున్నా దుబారా చెయ్యకూడదు సార్."
ఖర్జూరం నమిలి అన్నాడు:
"మా కితాబులో ఒక ప్రశ్న ఉండాది.
ఒకపొద్దున మీ నీళ్ళు అడుక్కి దిగిపోతే
మళ్ళా తెచ్చేదెవరని."
"జవాబు?"
"ఆ అధ్యాయం అక్కడికే అయిపోతాది సార్.
మీ అపార్ట్‌మెంటోళ్ళు మటుకు
జవాబు దస్తగీరే అనుకుంటాండారు."

ఈ నీళ్ళెక్కడివని అడిగాను.
మాలూరు అవతల ఒక రైతు బోరువట.
టమాటా ఎండబెట్టి ట్యాంకర్లకి పోస్తున్నాడట.
దూరాన మసీదులో పిలుపు మొదలైంది.
దస్తగీర్ మిగిలిన ఖర్జూరాలు పొట్లం కట్టేశాడు.

బిల్లు వచ్చింది: అడుగులు, 1460.
రోజుకొక్క అడుక్కి క్షమాపణ అడిగితే
సరిగ్గా నాలుగేళ్ళు,
లీపు సంవత్సరం ఒకరోజు వదిలేస్తే.
ఒక్క రాత్రిలో దిగినదానికి.

ఇవాళ మంచం అంచున
కాళ్ళు వేలాడేసి కూచున్నాను.
మడమ పగుళ్ళలో ఇంకా తెల్లటి పిండి.
జేబులో రాయి తీసి టైలు మీద పెట్టాను.
పదకొండో అంతస్తులో
నాకు దొరికిన నేల అదొక్కటే.
చల్లబడిపోయింది.
వంగి వేళ్ళు ఆనించి
అమ్మ మాట అందామని నోరు తెరిచాను,
"తొక్కుతున్నాను" దగ్గరే ఆగిపోయింది.